డబ్బాలోని ఆల్చిప్ప: నీరు, పొగ, వేడి

ఆల్చిప్ప అనగానే తెలుగు పాఠకుడికి ముందుగా గుర్తుకొచ్చేది స్వాతి కార్తెలో పడిన చినుకు ముత్యమవుతుందన్న నమ్మకమే గాని వంటిల్లు కాదు. నిజానికి నగల ముత్యాన్నిచ్చే చిప్పకూ పళ్లెంలోకి వచ్చే చిప్పకూ దగ్గరి చుట్టరికం లేదు. జీవశాస్త్రజ్ఞులు ఆ రెండింటినీ వేర్వేరు కుటుంబాల్లో చేర్చారు. ఈ సమీక్షకు విషయం రెండోది, అందులోనూ దాని ఒక ప్రత్యేక రూపం: ఆవిరి పట్టి చిప్ప విప్పి, ఉప్పునీటిలో నానబెట్టి, కట్టెపొగ పట్టించి, అరచేతిలో ఇమిడే పలుచని డబ్బాలో నూనె పోసి మూసిన ఆల్చిప్ప మాంసం. అమెరికా, కెనడా దేశాల కిరాణా దుకాణాల్లో సార్డీన్ చేపల డబ్బాల పక్కన కనిపించే ఈ సరుకులో అధికభాగం చైనా, దక్షిణ కొరియా తీరాల్లో తయారై వస్తుంది. దానికి వాడే పసిఫిక్ ఆల్చిప్ప అనే జాతికి తూర్పు ఆసియా తీరమే పుట్టిల్లు. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడి నుంచి అమెరికా పశ్చిమ తీరానికి, ఆ తరువాత ఫ్రాన్సుకు తరలి, నేడు ప్రపంచంలో అత్యధికంగా పెంచే ఆల్చిప్పల్లో ఒకటైంది.

ఈ డబ్బా మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు వచ్చే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. పోషకాహార నిపుణులు అందులోని జింకును చూసి మెచ్చుకుంటారు. విషపదార్థాలను పరిశోధించేవారు పొగలోని తారును, మాంసంలోని కాడ్మియాన్ని చూసి జంకుతారు. డబ్బాల పరిశ్రమవారు అంత వేడిలో ఉడికిన తరువాత ఇంకేం మిగులుతుందని ఎదురడుగుతారు. ముగ్గురు చెప్పేదీ నిజమే గాని, ముగ్గురూ ఒకే దశ గురించి మాట్లాడటం లేదు. ఆల్చిప్ప పెరిగిన నీరు, దానికి పట్టిన పొగ, దాన్ని ఉడికించిన వేడి అనే మూడు మజిలీల్లో ఒక్కోచోట ఒక్కో రకం ప్రమాదం లోపలికి వస్తుంది. ఒక మజిలీలో చొరబడిన దోషాన్ని తరువాతి మజిలీ కడిగేస్తుందనుకోవడం చాలా సందర్భాల్లో పొరపాటు. ఈ విషయంపై ప్రచారంలో ఉన్న భయాల్లోనూ భరోసాల్లోనూ ఎక్కువ భాగం ఈ పొరపాటు నుంచే పుట్టినవి.

ముందుగా ఆ ప్రాణి తిండి తీరు తెలియాలి. ఆల్చిప్ప కదలదు, వేటాడదు. పడిన చోటనే అతుక్కుని, గంటకు కొన్ని లీటర్ల చొప్పున నీటిని మొప్పల గుండా లాగుతూ, అందులో తేలే సూక్ష్మమైన నాచును వడకట్టి మింగుతుంది. నాచుతోపాటు అదే నీటిలోని బాక్టీరియా, వైరసులు, లోహాలు, నూనె మడ్డి కూడా దాని ఒంట్లోకి చేరతాయి. చేపను తినేవారు పేగులు తీసి కడిగి తింటారు. ఆల్చిప్పను పేగుతో సహా, అది నిన్న మింగిన దానితో సహా తింటారు. అందువల్ల ఆల్చిప్పను తినడమంటే ఒక విధంగా అది పెరిగిన అఖాతాన్ని చిక్కబరచి తినడమే. దాని పోషక సంపదకూ దాని మీది అనుమానాలకూ మూలం ఈ ఒక్క అలవాటే.

సంపద సంగతి చూస్తే, అమెరికా వ్యవసాయ శాఖ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి పసిఫిక్ ఆల్చిప్ప మాంసంలో సుమారు 81 కిలోకాలరీల శక్తి, తొమ్మిదిన్నర గ్రాముల మాంసకృత్తులు, రెండున్నర గ్రాముల లోపు కొవ్వు ఉంటాయి. మొత్తం బరువులో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. మాంసకృత్తుల కోసమైతే కోడిగుడ్డు ఇంతకన్నా మేలు. దీని గొప్పతనం ఖనిజాలది. అదే 100 గ్రాముల్లో జింకు 16 నుంచి 17 మిల్లీగ్రాములు, ఇనుము 5 మిల్లీగ్రాములు, రాగి ఒకటిన్నర మిల్లీగ్రాములకు పైగా, సెలీనియం 77 మైక్రోగ్రాములు, బి12 విటమిన్ 16 మైక్రోగ్రాములు ఉంటాయి. బి12 పెద్దవారికి రోజుకు కావలసినది రెండున్నర మైక్రోగ్రాముల లోపే. మేకమాంసంలో జింకు 4 మిల్లీగ్రాముల ప్రాంతంలో ఉంటుందంటే తేడా ఎంతో తెలుస్తుంది. అట్లాంటిక్ తీరపు వన్య ఆల్చిప్పలో అది పసిఫిక్ జాతికి రెండింతలు కూడా దాటుతుంది.

జింకు అంకెకు భారతీయ పాఠకుడి దృష్టిలో ఇంకో అర్థం ఉంది. అమెరికాలో పురుషుడికి రోజుకు 11, స్త్రీకి 8 మిల్లీగ్రాముల జింకు చాలంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 2020 నాటి సిఫారసులు ఇదే పరిమాణాన్ని పురుషుడికి 17, స్త్రీకి 13.2 మిల్లీగ్రాములుగా నిర్ణయించాయి. శరీరాలు వేరైనందువల్ల వచ్చిన తేడా కాదిది. బియ్యం, గోధుమ, పప్పుధాన్యాల పొరల్లో ఉండే ఫైటేట్ అనే పదార్థం జింకును పట్టుకుని పేగు గోడ దాటనివ్వదు కాబట్టి, ధాన్యం మీద బతికేవారు గ్రహించే దానికన్నా ఎక్కువ తినవలసి వస్తుంది. ఫైటేట్ లేని ఆల్చిప్ప మాంసంలోని జింకు ఆ అడ్డు లేకుండా ఒంటికి పడుతుంది. అయితే తెలుగునాట జింకు కొరతకు ఆల్చిప్ప డబ్బా మందు అని దీనికి అర్థం చెప్పుకోకూడదు. ఆ డబ్బా అందుబాటులో ఉన్నవారికి సాధారణంగా మాంసం, గుడ్లు, పాలు కూడా అందుబాటులోనే ఉంటాయి.

పొగబెట్టడం, డబ్బాకెత్తడం ఈ లెక్కల్ని కొంత మారుస్తాయి. ఆవిరికీ పొగగది వేడికీ మాంసంలోని నీరు పోయి బరువు తగ్గుతుంది గనుక, మిగిలిన గ్రాము గ్రాములో ఖనిజాలు మరింత చిక్కబడతాయి. మంచివే కాదు, చెడ్డవీ. వేడికి తట్టుకోలేని థయమిన్ వంటి విటమిన్లు కొంత నశిస్తాయి, బి12 మాత్రం ఎక్కువ భాగం నిలుస్తుంది. ఉప్పునీటి వల్ల సోడియం పెరుగుతుంది. అన్నిటికన్నా పెద్ద మార్పు నూనె వల్ల వచ్చేది: స్వతహాగా రెండు మూడు గ్రాముల కొవ్వున్న పదార్థం పత్తిగింజల నూనెలోనో పొద్దుతిరుగుడు నూనెలోనో మునిగి, ఒక్క పెద్ద చెంచా నూనె అంటుకుని వచ్చినా సుమారు 120 కిలోకాలరీలు అదనంగా తెస్తుంది. ఆల్చిప్పలో సహజంగా ఉండే ఒమేగా-3 కొవ్వులకు ఈ నూనెలతో సంబంధం లేదు. డబ్బా మీద ఒమేగా-3 అని రాసి ఉంటే ఆ మాట మాంసానికి వర్తిస్తుంది గాని నూనెకు కాదు.

మొదటి మజిలీ అయిన నీటి దగ్గర తొలుత ఎత్తవలసింది కాడ్మియం ప్రశ్న. రసాయన స్వభావంలో జింకుకు దగ్గరి చుట్టమైన ఈ లోహాన్ని ఆల్చిప్ప జింకుతోపాటే పోగుచేసుకుంటుంది. మనిషి మూత్రపిండాల్లో చేరిన కాడ్మియం సగానికి తగ్గడానికి పది నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. కాడ్మియం చేయగల హానిని ప్రపంచానికి తెలిపింది సముద్రపు తిండి కాదు, అన్నమే. జపాన్‌లో జింజూ నది ఒడ్డున గనుల మురుగు పారిన పొలాల బియ్యం తిన్నవారికి ఎముకలు పెళుసుబారి విరిగిపోయిన ఇటాయ్-ఇటాయ్ వ్యాధికి కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో అంగీకరించింది. ఐరోపా సమాఖ్య రెండు చిప్పల జీవుల మాంసంలో కాడ్మియం కిలోకు 1 మిల్లీగ్రాము మించరాదంది. అక్కడి ఆహార భద్రతా సంస్థ వారానికి శరీర బరువు కిలోకు రెండున్నర మైక్రోగ్రాముల వరకు సహించవచ్చని 2009లో తేల్చింది. ఈ రెండంకెలను కలిపి చూడటం ఉపయోగకరం. అరవై కిలోల మనిషికి వారానికి హద్దు 150 మైక్రోగ్రాములు. సరిగ్గా పరిమితి అంచున ఉన్న మాంసం డబ్బాలో 65 గ్రాములు ఉంటే, వారానికి రెండు డబ్బాలతో 130 మైక్రోగ్రాములు చేరిపోతాయి. అన్నం, ఆకుకూరల ద్వారా వచ్చేది దీనికి అదనం. మార్కెట్లోని ప్రతి డబ్బా అంత అంచున ఉండదు, చాలా వాటిలో తక్కువే ఉండవచ్చు. కానీ రోజుకొక డబ్బా తినడం ఆరోగ్యానికి మంచిదని చెప్పే సలహాలు ఈ గుణకారం చేయకుండా చెప్పినవే. కెనడాలో బ్రిటిష్ కొలంబియా తీరపు ఆల్చిప్పల్లో పరిశ్రమల జాడ లేనిచోట కూడా సహజంగానే కాడ్మియం ఎక్కువగా ఉండటం గమనించి, పెద్దలు వాటిని నెలకు పన్నెండుకు మించి తినవద్దని అక్కడి ఆరోగ్య శాఖ సూచించింది.

నీటి ప్రభావం కంటికి కనిపించిన సందర్భాలు అరుదు; 1986లో నైరుతి తైవాన్‌లో అలాంటిది ఒకటి జరిగింది. పాత లోహాన్ని కరిగించి రాగి తీసే పనివల్ల నదిలోకి దిగిన వ్యర్థం అఖాతానికి చేరి, అక్కడ పెంచుతున్న ఆల్చిప్పల మాంసం పచ్చగా మారింది. విచిత్రమేమంటే ఫ్రాన్సులోని మారెన్ ప్రాంతంలో పచ్చని మొప్పలున్న ఆల్చిప్పలకే గిరాకీ ఎక్కువ. ఆ పచ్చదనం హానిచేయని ఒక సూక్ష్మనాచు నుంచి వచ్చినది. ఒకచోట విషానికీ ఇంకోచోట విందుకూ గుర్తైన రంగును చూసి తినేవాడు ఏదీ తేల్చుకోలేడు. పెంచే నీటిని ఏళ్ల తరబడి పరీక్షించే ఏర్పాటు ఉండటమే దీనికి దారి, అది కూడా గట్టి దెబ్బ తిన్న తరువాతనే వచ్చింది.

ఆ దెబ్బ 1924 చివరి నెలల్లో తగిలింది. న్యూయార్క్, షికాగో, వాషింగ్టన్ నగరాల్లో ఒకేసారి టైఫాయిడ్ చెలరేగి దాదాపు 1,500 మంది జబ్బుపడగా సుమారు 150 మంది మరణించారు. కారణం మురుగునీరు కలిసిన చోట నిల్వచేసిన ఆల్చిప్పలని తేలడంతో, మరుసటి ఏడాదే అమెరికా ప్రభుత్వం, రాష్ట్రాలు, పరిశ్రమ కలిసి పెంపక జలాల్ని ధ్రువీకరించే పద్ధతిని మొదలుపెట్టాయి. ఐరోపాలో నేడు పెంపక జలాల్ని మూడు తరగతులుగా విడదీస్తారు: 100 గ్రాముల మాంసంలో ఇ. కోలి అనే మలసంబంధ బాక్టీరియా 230కి మించని నీటి ఆల్చిప్పను నేరుగా అమ్మవచ్చు. 4,600 వరకు ఉంటే శుభ్రమైన నీటి తొట్లలో శుద్ధి చేయాలి. 46,000 వరకు ఉంటే మంచి నీటికి తరలించి కనీసం రెండు నెలలు ఉంచాలి. ఆ తొట్లలో ఆల్చిప్పను ఒకటి రెండు రోజులు ఉంచితే అది తన పేగును తానే కడుక్కుంటుంది.

అయితే ఈ శుద్ధికి లొంగేది బాక్టీరియా మాత్రమే. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ ఆల్చిప్ప పేగులోని ఒక రకం చక్కెర అణువులకు అతుక్కుని వారాల తరబడి ఉండిపోతుంది. 2012లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దక్షిణ కొరియా నుంచి వచ్చే తాజా, ఘనీభవించిన ఆల్చిప్పలను అనుమతుల జాబితా నుంచి కొంతకాలం తొలగించడానికి కారణం, పెంపక జలాల్లో మానవ వ్యర్థం కలవకుండా చూసే కట్టుదిట్టాలు చాలవని తనిఖీలో తేలడమే. అంతకన్నా పెద్ద పాఠం 1988లో షాంఘై నుంచి వచ్చింది: నగరానికి వచ్చిన రక్తగుల్లలను మరిగిన నీటిలో ఇలా ముంచి అలా తీసి తిన్నవారిలో సుమారు 3 లక్షల మందికి హెపటైటిస్-ఎ కామెర్లు సోకాయి. కాకినాడ తీరంలో బుడితగుల్ల అని పిలిచే జీవి ఆ రక్తగుల్లకు దగ్గరి బంధువే. అక్కడ దోషం గుల్లది కాదు, ఉడకబెట్టని అలవాటుది. గోరువెచ్చని సముద్రాల్లో సహజంగానే ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా మరింత క్రూరమైనది. కాలేయ వ్యాధి ఉన్నవారిలో అది రక్తంలోకి పాకుతుంది, సోకినవారిలో ఐదుగురిలో ఒకరు చనిపోతారని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క.

ఇంతవరకు చెప్పిన సూక్ష్మజీవులన్నీ వేడికి చచ్చేవే. పచ్చి ఆల్చిప్పకున్న చెడ్డపేరును డబ్బాలోని ఆల్చిప్పకు అంటగట్టడం అందుకే అన్యాయం. వేడికి లొంగని మరో తెగ ఉంది. సముద్రంలో కొన్ని ఋతువుల్లో విజృంభించే కొన్ని నాచులు తయారుచేసే విషాలు ఆల్చిప్పలకూ ఆ జాతి ఇతర జీవులకూ ఏ హానీ చేయకుండా వాటి ఒంట్లో పేరుకుంటాయి. 1987లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపపు మస్సెల్స్ అనే గుల్లలు తిన్నవారిలో వందమందికి పైగా జబ్బుపడ్డారు, ముగ్గురు మరణించారు, బతికిన కొందరికి కొత్త జ్ఞాపకాలు నిలవలేదు. ఆ విషం డొమోయిక్ ఆమ్లం. పక్షవాతం కలిగించే సాక్సిటాక్సిన్ మరొకటి. కిలో మాంసంలో 0.8 మిల్లీగ్రాములు దాటితే ఆ అఖాతంలో కోతను ఆపేస్తారు. ఉడికించినప్పుడు కొంత విషం రసంలోకి దిగి తగ్గవచ్చు గాని, ఆ తగ్గుదలను నమ్ముకుని ఏ దేశమూ మూసిన అఖాతాన్ని తెరవదు. డబ్బాలను ఉడికించే రిటార్టు పాత్ర ముందు నిలబడి ఈ విషాల గురించి అభయమిచ్చే పరిశ్రమ ప్రతినిధి పొరబడుతున్నాడు. ఆ అభయం నీటి దగ్గరే దొరకాలి.

రెండో మజిలీ పొగ. కట్టె మంటగా మండకుండా రాజుకుంటున్నప్పుడు అందులోని మూడు ప్రధాన పదార్థాలు వేర్వేరుగా విచ్ఛిన్నమవుతాయి. హెమిసెల్యులోజ్ తక్కువ వేడికే విరిగి ఆమ్లాలనిస్తుంది. సెల్యులోజ్ నుంచి వచ్చే కార్బొనైల్ పదార్థాలు మాంసకృత్తులతో కలిసి బంగారు గోధుమ రంగునిస్తాయి. కట్టెకు బిగువునిచ్చే లిగ్నిన్ నుంచి గ్వయకాల్, సిరింగాల్ వంటి ఫినాల్ పదార్థాలు పుట్టి పొగవాసనను కలిగిస్తాయి, కొవ్వు కనరెక్కకుండా కాపాడతాయి. ఆల్చిప్పలను తీగ జాలీల మీద విడివిడిగా పరిచి, చెమ్మ ఆరి పైన జిగురు మెరుపు వచ్చాక వేడి పొగ పట్టిస్తారు. మాంసం తడిగా ఉండగానే పొగ తగిలితే మసి చారలు కడుతుంది, మరీ ఎండిపోతే పొగ పట్టదు. ఎప్పుడు పొగలోకి తోయాలన్నది యంత్రాలు వచ్చాక కూడా అనుభవం మీదే ఆధారపడింది. పూర్వకాలంలో పొగకు నిల్వ గుణం ముఖ్యం. నేటి డబ్బాలో నిల్వ బాధ్యతను వేడి తీసుకుంది గనుక పొగ రుచి కోసమే మిగిలింది.

ఆ రుచితోపాటు వచ్చే పదార్థాల్ని బహువలయ సుగంధ హైడ్రోకార్బన్లు అంటారు. కర్బన వలయాలు రెండో అంతకన్నా ఎక్కువో కలిసి అల్లుకున్న అణువులివి, పేరులో సుగంధమున్నా గుణం వేరు. వీటిలో బెంజో(ఎ)పైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. రాజుకునే కట్టె వేడి 400 డిగ్రీల సెల్సియస్ దాటుతున్న కొద్దీ ఇవి ఎక్కువగా పుడతాయి. జిగురు కారే పైన్ వంటి కట్టె వాడినా, కింద మంట లేచి కొవ్వు బొట్లు నిప్పుల మీద పడినా పరిస్థితి మరింత చెడుతుంది. ఐరోపా నియమాల్లో మామూలు పొగబెట్టిన చేపకు బెంజో(ఎ)పైరీన్ కిలోకు 2 మైక్రోగ్రాముల హద్దు ఉండగా, పొగబెట్టిన రెండు చిప్పల జీవులకు 6 మైక్రోగ్రాముల వరకు ఒప్పుకున్నారు. ఈ ఉదారతకు కారణం నీటి దగ్గరే ఉంది: నీటిలోని నూనె మడ్డి ద్వారా ఈ పదార్థాలు ఒంట్లో చేరినప్పుడు చేప కాలేయం వాటిని విరగ్గొట్టి బయటికి పంపగలదు, ఆల్చిప్పకు ఆ శక్తి చాలా తక్కువ. పొగగదికి రాకముందే దాని ఖాతాలో కొంత అప్పు ఉంటుందన్నమాట.

ఈ పదార్థాలు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. డబ్బాలో నెలల తరబడి నిల్వ ఉన్నప్పుడు వాటిలో కొంత భాగం మాంసం నుంచి చుట్టూ ఉన్న నూనెలోకి దిగుతుంది. అందువల్ల నూనెను వంచేసి మాంసం మాత్రం తినడం కాలరీలకే కాదు, ఈ విషయంలోనూ మంచి అలవాటు. ఆ కమ్మని పొగనూనెను పారబోయడానికి మనసొప్పక అన్నంలో కలుపుకునేవారూ, వేపుళ్లకు వాడేవారూ ఉన్నారు. రుచికి వారిది సరైన నిర్ణయమే కావచ్చు, ఒంటికి కాదు.

పొగ లేకుండా పొగరుచి ఇవ్వడానికి పందొమ్మిదో శతాబ్దం చివరే ఒక దారి దొరికింది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో ఎర్నెస్ట్ రైట్ అనే మందుల దుకాణదారు 1895లో కట్టెపొగను చల్లబరచి ద్రవంగా పట్టి అమ్మకానికి పెట్టాడు. తారును వడకట్టిన ఈ ద్రవధూమంలో హైడ్రోకార్బన్లు తక్కువ గనుక ఆరోగ్యకరమైన ప్రత్యామ్నాయంగా చాలాకాలం చెలామణి అయింది. చవక డబ్బాల్లో కొన్ని పొగగది ముఖం చూడకుండా దీనితోనే తయారవుతాయి. 2023లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అనుమతి ఉన్న ఎనిమిది పొగ పరిమళాలను తిరిగి పరిశీలించి, జన్యుపదార్థానికి హాని చేసే అవకాశాన్ని వేటి విషయంలోనూ తోసిపుచ్చలేమంది; 2024లో వాటి అనుమతులను పొడిగించకూడదని నిర్ణయమైంది. అసలు పొగకు మారుగా వాడేచోట మాత్రం 2029 వరకు గడువిచ్చారు. కృత్రిమం చెడ్డది, సహజం మంచిది అని చెప్పేవారికి గాని, శుద్ధిచేసినది కాబట్టి క్షేమమని చెప్పేవారికి గాని ఈ కథ పూర్తిగా అనుకూలించదు.

మూడో మజిలీ వేడి; శాస్త్రం అన్నిటికన్నా స్పష్టంగా మాట్లాడేది ఇక్కడే. గాలి చొరని, పులుపు లేని, నూనెతో కప్పిన డబ్బా క్లాస్ట్రిడియం బొట్యులినం అనే బాక్టీరియాకు అనువైన ఇల్లు. అది తయారుచేసే విషం నరాలను స్తంభింపజేసి ఊపిరి ఆపుతుంది. మామూలు మరుగు వేడికి చావని దాని సిద్ధబీజాలు, అంటే గడ్డుకాలంలో ముడుచుకుని నిద్రపోయే రూపాలు, ఎంత వేడికి ఎంతసేపు ఆగుతాయో ఎస్టీ, మేయర్ అనే శాస్త్రజ్ఞులు 1922లో కొలిచి చూపారు. దాని ఆధారంగానే డబ్బా నడిమధ్యన ఉన్న ముక్కకు కూడా 121 డిగ్రీల వేడి మూడు నిమిషాలు తగిలినంత ఫలితం రావాలన్న నియమం ఏర్పడింది. లక్ష కోట్ల సిద్ధబీజాలున్నా ఒక్కటి మిగలడమే గగనమయ్యే లెక్క అది. రిటార్ట్ అనే పెద్ద ప్రెషర్ కుక్కరు లాంటి పాత్రలో ఈ పని జరుగుతుంది. మూత అంచునూ డబ్బా అంచునూ కలిపి రెండు మడతలుగా నొక్కిన అతుకు సరిగా ఉంటే ఆ డబ్బా బయటి అల్మరాలో ఏళ్ల తరబడి చెడదు.

పొగబెట్టి, డబ్బాకెత్తకుండా, గాలి తీసిన సంచిలో మూసి శీతల అరలో అమ్మే ఆల్చిప్పలకు ఈ రక్షణ లేదు. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా అవి వేర్వేరు ఆహారాలు. బొట్యులినంలో ఇ-రకం 3 డిగ్రీలు దాటిన చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది. 1963లో గ్రేట్ లేక్స్ ప్రాంతపు పొగబెట్టిన చేపలు గాలి తీసిన సంచుల్లో అమ్ముడై పలువురి మరణానికి కారణమైన తరువాతనే ఈ సంగతికి ప్రాధాన్యం వచ్చింది. ఇప్పుడు అలాంటి చేపల సంచుల్లోని మాంసపు తేమలో ఉప్పు నూటికి మూడున్నర పాళ్లు ఉండాలంటారు. గర్భిణులు శీతల అరలోని పొగచేపలను లిస్టీరియా అనే బాక్టీరియా భయంతో వదిలేయాలని, డబ్బాలోవి తినవచ్చని అమెరికా ఆరోగ్య సంస్థలు చెప్పడానికి కారణం కూడా ఈ తేడాయే.

నూనె మీద తెలుగువారికి ఉన్న నమ్మకం ఇక్కడ ప్రమాదకరమవుతుంది. ఆవకాయ ఏడాదిపాటు నిలిచేది పైన తేలే నూనె వల్ల మాత్రమే కాదు. మామిడికాయ పులుపు, దండిగా పోసిన ఉప్పు బొట్యులినాన్ని తలెత్తనివ్వవు, నూనె చేసేది గాలిని ఆపి బూజు రాకుండా చూడటమే. పులుపూ తగినంత ఉప్పూ లేని పొగ ఆల్చిప్ప మీద అదే నూనె పోసి సీసాలో ఉంచితే, గాలిని ఆపడమనే ఆ గుణమే బొట్యులినానికి మేలు చేస్తుంది. ఇంట్లో పొగబెట్టుకునేవారు అందువల్ల చేసినదాన్ని చేసిన రెండు మూడు రోజుల్లో తినడమో, గడ్డకట్టించి దాచడమో చేయాలి గాని నూనెలో ఊరవేసి గట్టు మీద పెట్టకూడదు. పద్ధతి కష్టమైనదేమీ కాదు: మూత బిగిసి ఉన్న ప్రాణమున్న ఆల్చిప్పలను తీసుకుని, నోరు తెరిచి ఉండి తట్టినా మూసుకోని వాటిని పారేసి, ఆవిరి మీద ఉడికించి, నడుమ భాగానికి 90 డిగ్రీల వేడి ఒకటిన్నర నిమిషం తగిలేలా చూసి, ఆ తరువాత ఉప్పునీటిలో కాసేపు ఉంచి, ఆరబెట్టి పొగ పట్టించడం. పొగగదిలో ఎలాగూ ఉడుకుతుంది కదా అని ముందు ఉడికించడం మానేస్తే, వైరసు చచ్చేంత వేడి ముక్క మధ్యకు చేరిందో లేదో తెలుసుకునే దారి ఉండదు.

డబ్బా తెరిచి చూసేవారిని కలవరపెట్టే విషయాల్లో చాలా వాటికి భయపడనక్కర్లేదు. రేకు మూత వెనక్కి మడవగానే బంగారు రంగు నూనెలో ఒకదాని మీద ఒకటి పేర్చిన బొటనవేలంత ముక్కలు, వాటి నడుమ మడతలో కమిలినట్టు నల్లగానో ముదురాకుపచ్చగానో ఉన్న మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ ఆల్చిప్ప ఆఖరిసారి తిన్న నాచు. పళ్ల కింద కరకరలాడేది చిప్ప పెంకో ఇసుకో కావచ్చు. గాజుముక్కల్లా మెరిసే పలుకులు కొన్నిసార్లు సముద్రపు ఆహారం డబ్బాల్లో కనిపిస్తాయి. మాంసంలోని మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసి కట్టిన స్ట్రువైట్ స్ఫటికాలవి, వెనిగర్‌లో వేసి వేడిచేస్తే కరుగుతాయి, నిజమైన గాజు కరగదు. భయపడవలసింది ఉబ్బిన డబ్బాకు, అతుకు దగ్గర నొక్కు పడిన డబ్బాకు, తెరవగానే చిమ్మే డబ్బాకు. వాటిని రుచి చూసి పరీక్షించడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. గుల్లలు పడనివారికి, యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్లవాతంతో బాధపడేవారికి పొగా వేడీ ఏ సాయమూ చేయవు. అలర్జీ కలిగించే ట్రోపోమయోసిన్ అనే మాంసకృత్తి వేడికి చెక్కుచెదరదు.

భారత తీరంలో ఈ ప్రశ్న ఇంకా బాల్యదశలో ఉంది. తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 1970ల నుంచి స్థానిక ఆల్చిప్ప పెంపకంపై పనిచేసింది. ఖాళీ చిప్పలను తాటికి గుచ్చి పందిరి నుంచి నీటిలోకి వేలాడదీసే ఆ పద్ధతి తరువాత కేరళలోని అష్టముడి, వెంబనాడ్ వెనుకజలాల్లో మహిళా సంఘాల చేతికి వచ్చింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పొగబెట్టి నూనెలో డబ్బాకెత్తే విధానాన్నీ పరిశీలించింది. అదే జాతి ఆల్చిప్ప భీమిలి, కాకినాడ ప్రాంతాల ఉప్పునీటి పాయల్లోనూ బతుకుతుంది గాని, ఆంధ్రతీరంలో గుల్లలకు తిండికన్నా సున్నపు బట్టీతోనే పాత బంధం. గుల్లసున్నం అన్న మాట అందుకు సాక్ష్యం. పొగ అలవాటు ఇక్కడ అంతగా పాతుకోకపోవడానికి కారణం వెతకనక్కర్లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు రొయ్యనూ చేపనూ ఇసుక మీదే కరకరలాడించే ఎండ ఉన్నచోట కట్టె తగలేసి పొగ పట్టించే అవసరం మత్స్యకారులకు పెద్దగా కలగలేదు.

ఎంత తినవచ్చన్న ప్రశ్నకు పై లెక్కలన్నీ కలిపి ఒక ఉజ్జాయింపు జవాబు ఇవ్వవచ్చు. కూర తిన్నట్టు కాక నంజుకున్నట్టు, వారానికి ఒక డబ్బాకు లోపు, నూనె వంచి, వీలైతే ఇద్దరు ముగ్గురు పంచుకుని తింటే జింకు, బి12 దండిగా అందుతాయి, కాడ్మియమూ తారూ హద్దుల్లో ఉంటాయి. పిల్లలకు ఇంకా తక్కువ. వెల కొంచెం ఎక్కువైనా ఆలివ్ నూనెలోదా, చవకగా వచ్చే పత్తిగింజల నూనెలోదా అన్న తర్జనభర్జనకు, పారబోసే నూనె కాబట్టి, అంత ప్రాముఖ్యం లేదు. అంతకన్నా ముఖ్యమైన సమాచారం డబ్బా మీద దొరకదు. ఉప్పెంతో, నూనె ఏదో, ఏ దేశంలో తయారైందో, ఎప్పటిలోగా తినాలో అన్నీ అచ్చువేస్తారు. ఏ అఖాతపు నీటిలో పెరిగిందో మాత్రం రాయరు.